బండి లోపల ఏది ఎంత నెమ్మదిగా కాలాలి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాల్లో హైదరాబాదులోనో బెంగళూరులోనో మనిషి లేని ఇల్లు తక్కువ. వానలు మొహం చాటేసి, బోర్లు ఎండి, పలకల ఫ్యాక్టరీల్లో పని తగ్గి, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం కాచుకుని ఒక తరం వలసల్లోనే గడిచిపోయింది. బేల్దారి పనికి పోయేవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్లు, కీళ్ల నొప్పులకూ కిడ్నీ జబ్బులకూ పెద్దాసుపత్రికి బయల్దేరే ముసలివాళ్లు, అందరికీ రాత్రి బస్సే దిక్కు. ఒక దారి ఎర్రగొండపాలెం, మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా 565వ జాతీయ రహదారి పట్టుకుని పోతుంది. ఇంకొకటి గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కి దిగి గాజులపల్లె, నంద్యాల వైపు పోతుంది. అడవి మధ్యలో బండికి నిప్పంటుకుంటే ఫైరింజను అటు నంద్యాల నుంచో ఇటు గిద్దలూరు నుంచో రావాలి. అది వచ్చేలోగా జరగాల్సిందంతా జరిగిపోతుంది. కాబట్టి ఈ ప్రాంతపు ప్రయాణికుడికి బస్సు లోపలి సామాను ఎంత వేగంగా కాలుతుందన్నది ప్రాణం మీది ప్రశ్న.

ఏం జరుగుతుందో తెలుగునాట మళ్లీ మళ్లీ చూశాం. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఓల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొట్టింది. డీజిల్ ట్యాంకు పగిలి నలభై ఐదు మంది కాలిపోయారు. 2024 మేలో ఓట్లేసి చినగంజాం నుంచి హైదరాబాదు తిరిగి వెళ్తున్నవారి బస్సు చిలకలూరిపేట దగ్గర టిప్పర్‌ను గుద్దుకుని తగలబడింది. ఆరుగురు పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర, రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్ హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న స్లీపర్ బస్సు కింద ఇరుక్కుంది. బస్సు దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. నిప్పురవ్వలకు పెట్రోలు అంటుకుంది. పందొమ్మిది మంది ప్రయాణికులు బెర్తుల మీది నుంచి బయటికి రాలేకపోయారు. ఆ మోటార్‌సైకిల్ నడిపినతను అంతకు ముందే రోడ్డు మీద చనిపోయాడు. దానికి పది రోజుల ముందే, అక్టోబరు 14న, రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర ఇంకో బస్సు కాలిపోయింది.

ప్రతి ప్రమాదం తర్వాతా మాట్లాడేది నిప్పు ఎలా పుట్టిందన్న దాని గురించే. డీజిల్ ట్యాంకా, వైరింగా, మోటార్‌సైకిలా? అవి తేల్చాల్సిందే. కానీ నిప్పు ఎక్కడ పుట్టినా దాన్ని మనిషి దాకా తెచ్చేవి సీటు, పరుపు, కర్టెను, టాపు లైనింగు, నేల మీద పరిచిన షీటు. వీటిలో ఏవేవి అగ్ని నిరోధక నిబంధనల కిందికి వస్తాయి, ఏవి రావు, వచ్చినవాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

ఈ విషయంలో ప్రపంచానికి దారి చూపింది అమెరికా. అక్కడి సమాఖ్య భద్రతా ప్రమాణం 302 అనే నిబంధన 1972 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కార్లు, వ్యాన్లు, ట్రక్కులు, బస్సులు అన్నిటికీ అది వర్తిస్తుంది. అందులోని జాబితా చాలా వివరంగా ఉంటుంది. కూర్చునే మెత్త, వీపు ఆనే మెత్త, సీటు బెల్టు, తల ఆన్చే దిండు, చేయి ఆన్చేది, పైకప్పు లోపలి లైనింగు, తలుపుల లోపలి ప్యానెళ్లు, ముందు వెనక పక్కల ప్యానెళ్లు, సామాన్ల అరలు, నేల మీది మ్యాట్లు, ఎండ తగలకుండా వేసే వైజరు, కర్టెన్లు, చక్రాల గుంతల మీది తొడుగులు, ఇంజను మీది కవరు, పరుపుల తొడుగులు ఇవన్నీ అందులో ఉన్నాయి. గుద్దుకున్నప్పుడు దెబ్బ తగలకుండా లోపల అమర్చే మెత్తలు కూడా ఉన్నాయి. మనిషి ఉండే గాలి జాగాకు 13 మిల్లీమీటర్ల లోపల ఉన్న భాగమంతా పరీక్షకు నిలవాలి. ఇనుము, అద్దం లాంటివాటితో ఎలాగూ ఇబ్బంది లేదు.

మన దేశంలో దీనికి సమానమైనది భారతీయ ప్రమాణం ఐఎస్ 15061. ఇది 2002లో వచ్చింది. బస్సులకు దీన్ని తప్పనిసరి చేసింది ఏఐఎస్ 052, అంటే బస్ బాడీ కోడ్. డ్రైవరు కాక 13 మంది, ఆపైన కూర్చునే ప్రతి బస్సూ ఆ కోడ్ కిందికి వస్తుంది. స్లీపర్ బస్సులకు విడిగా ఏఐఎస్ 119 ఉంది. ఇంజను గదిలో నిప్పును పసిగట్టి ఆర్పే వ్యవస్థకు ఏఐఎస్ 135 ఉంది. 2022 జనవరిలో కేంద్ర రవాణా శాఖ దూరప్రయాణ బస్సులకూ స్కూలు బస్సులకూ, ప్రయాణికులు కూర్చునే భాగంలో కూడా అలారం, నిప్పునుంచి రక్షణ వ్యవస్థ ఉండాలని నిబంధన తెచ్చింది. చావులకు ఎక్కువగా కారణం ఆ భాగంలో పెరిగే వేడి, పొగ అని అప్పుడు కేంద్రమే చెప్పింది. నీటి తుంపరతో అక్కడి ఉష్ణోగ్రతను 50 డిగ్రీలు దాటకుండా ఆపవచ్చన్నది దాని లెక్క. అంతకుముందు 2020 నవంబరులోనే రక్షణ పరిశోధనా సంస్థ డీఆర్‌డీఓ ఇలాంటి వ్యవస్థను బస్సులో పెట్టి చూపించింది. ముప్పై సెకన్లలో నిప్పును పసిగట్టడం, అరవై సెకన్లలో ఆర్పడం దాని లక్ష్యం.

కాగితం మీద చూస్తే లోటు పెద్దగా కనపడదు. అసలు లోటు ఎక్కడుందో తెలియాలంటే పరీక్ష ఎలా చేస్తారో దగ్గరగా చూడాలి.

సీటు గుడ్డలోంచో స్పాంజిలోంచో సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోస్తారు. యు ఆకారంలో ఉన్న ఇనుప చట్రంలో దాన్ని అడ్డంగా బిగించి, చిన్న ఇనుప పెట్టెలో పెడతారు. ఒక చివర కింద గ్యాసు బర్నరు ఉంటుంది. దాని మంట ఎత్తు 38 మిల్లీమీటర్లు, రెండు వేళ్ల మందం. ఆ మంటను 15 సెకన్లు తగిలించి తీసేస్తారు. ముక్క మీద ముందే గీసిన మొదటి గీతకు నిప్పు చేరగానే గడియారం మొదలవుతుంది. రెండో గీత చేరడానికి ఎంత సేపు పట్టిందో చూసి నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు కాలిందో లెక్క కడతారు. అమెరికాలో 102 మిల్లీమీటర్లు దాటకూడదు. ఐక్యరాజ్యసమితి 118వ నిబంధనలో ఆ హద్దు 100. మన ఐఎస్ 15061 కూడా ఇదే కుదురుకు చెందినది. అంటే ఈ నిబంధనలేవీ "కాలకూడదు" అని అనవు. నెమ్మదిగా కాలాలంటాయి, అంతే.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. నిమిషానికి పది సెంటీమీటర్ల చొప్పున కాలితే ఆరడుగుల బెర్తు ఒక కొస నుంచి ఇంకో కొసకు కాలడానికి దాదాపు 18 నిమిషాలు పట్టాలి. చిన్నటేకూరులో, పాలెంలో బస్సు మొత్తం కొన్ని నిమిషాల్లోనే అగ్నిగుండమైంది. మరి ఆ 18 నిమిషాలు ఏమయ్యాయి?

పరీక్ష పెట్టెలో ముక్క అడ్డంగా పడుకుని ఉంటుంది, చల్లగా ఉంటుంది, ఒంటరిగా ఉంటుంది. బస్సులో కర్టెను నిలువుగా వేలాడుతుంది, సీటు వీపు నిలువుగా ఉంటుంది, పక్క ప్యానెలు నిలువుగా ఉంటుంది. అగ్గిపుల్ల తల పైకి పెట్టి పట్టుకుంటే నెమ్మదిగా కాలుతుంది. తల కిందికి వంచితే మంట వేళ్ల దాకా ఎగబాకుతుంది. నిలువుగా ఉన్న వస్తువు మీద మంట అలా పైకి పాకుతుంది, పైన ఉన్నదాన్ని ముందుగానే వేడెక్కిస్తుంది. కప్పుకు చేరిన వేడి పొగ కప్పు కిందే పొడుగునా పరుచుకుంటుంది. అక్కడి లైనింగు కరిగి బొట్లు బొట్లుగా కింది సీట్ల మీద పడుతుంది. స్లీపరు బస్సులో పై బెర్తు వాళ్ల మొహాలు ఆ పొగకు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. అడ్డంగా పెట్టిన ఒక్క ముక్కను చిన్న మంటతో కాల్చి చూసే పరీక్షకు వీటిలో ఏదీ అందదు. 1972 నాటి నిబంధన రాసినప్పుడు మనసులో ఉన్నది సీటు మీద పడ్డ సిగరెట్టూ అగ్గిపుల్లే. పగిలిన డీజిల్ ట్యాంకు కాదు.

ఈ లోపాన్ని ఐరోపా కొంత సరిదిద్దుకుంది. 2008 నవంబరు 4న జర్మనీలో హానోవర్ దగ్గర హైవే మీద ఒక బస్సు కాలి ఇరవై మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవారే. అదే కాలంలో స్వీడన్ పరిశోధకులు బస్సు సామగ్రిని పరీక్షించి, రైళ్లలో వాడటానికి ఒప్పుకోని సరుకు బస్సుల్లో దర్జాగా పాసవుతోందని చూపించారు. తర్వాత ఐరోపా పాటించే ఆ 118వ నిబంధన గట్టిపడింది. కర్టెన్లూ నిలువుగా అమర్చే సామగ్రీ నిలువు పరీక్షకు నిలవాలి. కప్పు లైనింగు కరిగి మండే బొట్లు రాల్చకూడదు. ఇంజను గదిలో వాడే మెత్తలు నూనెనూ డీజిల్‌నూ పీల్చుకోకూడదు. కరెంటు తీగల తొడుగులకు వేరే పరీక్ష. మన బస్ బాడీ కోడ్‌కు ఈ ఐరోపా మెట్టు ఎక్కడం అత్యవసరమని నా అభిప్రాయం. రాత్రిపూట ఏసీ బస్సు అద్దాలన్నీ మూసి, ప్రతి బెర్తుకూ కర్టెను వేలాడదీసి ప్రయాణించే దేశంలో కర్టెను ఎలా కాలుతుందో నిలువుగా పెట్టి చూడకపోవడం సమర్థించలేని విషయం.

పొగ గురించి ఇంకా తక్కువ మాట్లాడుకుంటాం. సీట్లలో వాడే స్పాంజి పాలీయూరేథేన్. అది కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ వస్తుంది. రెక్సిన్ అంటే గుడ్డ మీద పీవీసీ పూత. అది కాలితే కళ్లనూ గొంతునూ మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. రెండు మూడు ఊపిరులకే మనిషి దిక్కు తోచక కూలబడతాడు. 1988 మే 14న అమెరికాలో కెంటకీ రాష్ట్రం కారల్టన్ దగ్గర చర్చి పిల్లలతో వస్తున్న పాత స్కూలు బస్సును తాగి నడిపిన ట్రక్కు ఎదురుగా వచ్చి ఢీకొట్టింది. ఇరవై ఏడు మంది చనిపోయారు. వారిని చంపింది గుద్దుకున్న దెబ్బ కాదు, మంటా పొగా. ఆ బస్సు సీట్లు కూడా అప్పటి నిబంధన ప్రకారం చేసినవే. ఆ తర్వాతే స్కూలు బస్సు సీట్ల మీద మంట తొందరగా పట్టని తొడుగుల గురించీ, అదనపు తలుపుల గురించీ అక్కడ గట్టిగా ఆలోచించారు.

ఇక్కడ రైలు వైపు ఒకసారి చూడాలి. మార్కాపూర్ రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లున్న గుంటూరు - నంద్యాల లైను మన ప్రాంతానికి రెండో దారి. రైలు పెట్టెలు కూడా కాలాయి. 2012 జులై 30న నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఎస్-11 పెట్టె కాలి ముప్పై మందికి పైగా పోయారు. 2013 డిసెంబరు 28న అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ పెట్టెలో ఇరవై ఆరు మంది పోయారు. కాబట్టి రైలులో భయం లేదని కాదు. కానీ రైల్వే వాళ్ల పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్ఓ బెర్తు రెక్సిన్‌కూ, కర్టెనుకూ, నేల షీటుకూ, పక్క పలకకూ విడివిడిగా ప్రమాణాలు రాసుకుంది. ఎంత వేగంగా కాలుతుందన్నదే కాక, పొగలో చూపు ఎంత మందగిస్తుంది, విషవాయువులు ఎంత అన్నది కూడా కొలుస్తుంది. అదే మనిషి ఒక రాత్రి రైల్లో పడుకుంటే ఒక కొలత, ఇంకో రాత్రి బస్సులో పడుకుంటే ఇంకో కొలత ఉండటానికి సబబైన కారణం నాకు కనపడదు.

అయితే మన ప్రాంతంలో అసలు సమస్య ప్రమాణం ఎంత గట్టిదన్నది కాదు. ప్రమాణం కొత్త బండికి, అది ఆమోదం పొందిన రోజుకు పుట్టింది. బండి ఆ తర్వాత పదేళ్లో పదిహేనేళ్లో తిరుగుతుంది. ఆ కాలంలో దాని లోపలి సరుకు కనీసం ఒకట్రెండు సార్లు మారుతుంది.

ఏ ఊళ్లోనైనా సీట్లు కుట్టే షాపులోకి వెళ్లి చూడండి. గోడకు ఆనించిన రెక్సిన్ తానులు, రంగురంగులవి, మీటరు లెక్కన అమ్ముతారు. మూలన స్పాంజి షీట్లు, మందాన్ని బట్టి ధర. డబ్బాల్లో ఘాటైన వాసనొచ్చే జిగురు. దాని ద్రావకమే చిటుక్కున అంటుకునేది. పాత సీటు తొడుగు చింపేసి, కింది స్పాంజి కుంగిపోయి ఉంటే ఇంకో పొర వేసి, కొత్త రెక్సిన్ లాగి అంచుల్లో పిన్నులు కొడతారు. పని నీటుగా ఉంటుంది. కుట్టేవాళ్ల చేతి నేర్పును తక్కువ చేయలేం. కానీ ఆ తాను మీద ఏ ప్రమాణం గుర్తూ ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు. గిరాకీ అడిగేది చిరగకుండా ఎన్నాళ్లుంటుంది, ఎంతకిస్తావు అన్న రెండే. కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య నిప్పు ఊసే రాదు.

మూలమైన అమెరికా నిబంధనలో ఇక్కడొక సూక్ష్మం ఉంది. పై గుడ్డ, కింది స్పాంజి ప్రతి చోటా ఒకదానికొకటి అతుక్కుని ఉంటే రెండిటినీ కలిపి ఒక ముక్కగా పరీక్షించవచ్చు. అతుక్కోకుండా విడిగా ఉంటే ఏ పొరకు ఆ పొర విడిగా నిలవాలి. కంపెనీ సీటులో కలిపి పాసైన జంట, షాపులో విప్పి పిన్నులు కొట్టగానే విడివిడి పొరలవుతుంది. అప్పుడు నాసిరకం స్పాంజి ఒక్కటే పరీక్షకు నిలబడాలి. ఎవరూ పరీక్షించరు కాబట్టి దాని సంగతి తెలియదు.

ఆటోల సంగతి వేరు. మిరప కోతలకూ పత్తి తీతకూ కూలీలను తోలుకుపోయే ఆటోకు బస్ బాడీ కోడ్ వర్తించదు. అది 13 సీట్ల నుంచే మొదలవుతుంది. వెనక అదనంగా బెంచీ వేసి, పైన రెక్సిన్ కప్పు కప్పి, పక్కలకు కర్టెన్లు, లోపల రంగు లైట్లు, స్పీకర్లు అమర్చుకోవడం మామూలు. ఆటోకు రెండు పక్కలా తెరిచి ఉంటుంది కాబట్టి దూకి బయటపడవచ్చన్నది ఒక ఊరట. పది మందిని కుక్కినప్పుడు ఆ ఊరట కూడా ఉండదు.

స్లీపర్ మార్పిడి ఇంకా ప్రమాదకరం. కూర్చునే బస్సుగా రిజిస్టరైనదాన్ని షెడ్డులో పెట్టి ప్లైవుడ్డు బెర్తులు, పరుపులు, కర్టెన్లు వేసి స్లీపరు చేస్తారు. చిన్నటేకూరులో కాలిన బస్సును కూడా సీటర్ నుంచి స్లీపరుగా మార్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇలాంటి బస్సులో కాలే సరుకు బరువు పెరుగుతుంది, మనిషి నడిచే దారి ఇరుకవుతుంది. దాంతో పాటు కింద లగేజీ డిక్కీలో ఏముందో ప్రయాణికుడికి తెలియదు. చిన్నటేకూరు బస్సులో రెండొందలకు పైగా సెల్‌ఫోన్ల పార్సిలు ఉందని బయటపడింది. లిథియం బ్యాటరీలు వేడెక్కితే ఒకదాని తర్వాత ఒకటి పేలుతూ పోతాయి. సీటు గుడ్డ ఎంత నెమ్మదిగా కాలేదైనా, దాని కిందే బ్యాటరీల గుట్ట ఉంటే ఆ పరీక్ష చేసిన మేలు మిగలదు. అంతర్భాగ సామగ్రి నిబంధనలు సరుకు రవాణాను చూడవు. ప్రయాణికుల బస్సులో వాణిజ్య పార్సిళ్లు వేయకుండా ఆపడం ఆ నిబంధనల్లో భాగమే అనుకుని పని చేయాలి.

ఒక వైపు చూసి రెండో వైపు వదిలేస్తే అన్యాయమవుతుంది కాబట్టి మంటను ఆపే రసాయనాల సంగతీ చెప్పాలి. పాలీయూరేథేన్ స్పాంజి 302 పరీక్షకు నిలవాలంటే అందులో మంటను మందగించే రసాయనాలు కలపడం తేలిక మార్గం. అవి స్పాంజిలోనే ఉండిపోవు, గాలిలోకి వస్తాయి. 2024లో అమెరికాలో 101 కార్ల లోపలి గాలిని పరిశీలించిన పరిశోధనలో 99 శాతం కార్లలో టీసీఐపీపీ అనే రసాయనం కనిపించింది. క్యాన్సరు కారకమేమోనన్న అనుమానంతో అక్కడి సంస్థలు దాన్ని పరిశీలించాయి. ఎండ ముదిరే కొద్దీ గాలిలో దాని మోతాదు పెరిగిందని కూడా ఆ పరిశోధన తేల్చింది. మార్కాపురం మే నెల ఎండలో తలుపులు వేసి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. ఎక్కగానే అద్దాలు దించి కాసేపు గాలి ఆడనివ్వడం మంచిది. అలాగని రసాయనం వద్దు, నిప్పు పట్టినా ఫర్వాలేదు అనలేం, ముఖ్యంగా బస్సు విషయంలో. ఉన్ని కలిసిన నేత, మంట పట్టని పొరను స్పాంజికి తొడగడం, స్పాంజి మందం తగ్గించడం లాంటి మార్గాలున్నాయి. విమానాల్లో స్పాంజికి అలాంటి తొడుగు వేయడం దశాబ్దాలుగా ఉంది. మన బాడీ షెడ్లకు అది ఇంకా చేరలేదు.

చట్టం ఏమంటుందన్నది కూడా చూద్దాం. తయారీదారు ఇచ్చిన రూపాన్ని యజమాని తన ఇష్టమొచ్చినట్లు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం అలాంటి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉండాలి. అంటే తనిఖీ చేసేవాళ్ల చేతికి ప్రతి బస్సూ తప్పకుండా వస్తుంది. ఆ పూట బ్రేకులు, లైట్లు, హారను, పొగ, టైర్లు చూస్తారు. మంటలార్పే సిలిండరు ఉందా అని చూస్తారు. సీటు తొడుగు కింద ఏముందో, పరుపు ఏ సరుకో, నేల షీటు కంపెనీదో బజారుదో పోల్చి చూసే కాగితమంటూ వాళ్ల దగ్గర ఉండదు.

కావలసింది ఆ కాగితమే. బస్సు మొదటిసారి రిజిస్టరైనప్పుడే దాని లోపలి సామగ్రి చిట్టా, అంటే ఏ సీటు గుడ్డ, ఏ స్పాంజి, ఏ కర్టెను, ఏ లైనింగు, వాటి పరీక్ష ధ్రువపత్రాల నంబర్లు, ఆర్‌సీతో పాటు చేర్చాలి. యజమాని సీట్లు మార్పించుకుంటే షాపువాడు బిల్లు మీద రెక్సిన్ తాను బ్యాచి నంబరు రాసివ్వాలి. ఫిట్‌నెస్‌లో అనుమానం వచ్చిన బస్సు నుంచి ఒక 35 సెంటీమీటర్ల ముక్క కోసుకుంటే చాలు. పరీక్షకు పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్‌ఏఐ దాకానో చెన్నై దగ్గర ఒరగడంలోని పరీక్షా కేంద్రం దాకానో పంపాల్సిన పని లేకుండా, విజయవాడ దగ్గర సూరంపల్లిలో ఉన్న సీపెట్ లాంటి సంస్థకు ఈ బాధ్యత అప్పగించవచ్చు. ప్లాస్టిక్కులను పరీక్షించడమే ఆ సంస్థ పని. పెట్టెలో బర్నరు పెట్టి గడియారం చూసుకునే పరీక్ష ఇది. కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు.

మొదలు పెట్టాల్సింది స్కూలు బస్సులతో. ఏటా వేసవి సెలవుల్లో, బళ్లు తెరిచేలోగా వాటన్నిటినీ తనిఖీ చేస్తారు. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి చుట్టుపక్కల పల్లెలన్నీ ఈ బస్సుల మీదే ఆధారపడి ఉన్నాయి. దూరప్రయాణ బస్సుల నుంచి రిటైరై స్కూళ్ల చేతికొచ్చిన పాత బస్సులూ వాటిలో ఉంటాయి. తనిఖీ పట్టీలో బ్రేకులు, అద్దాలు, ప్రథమచికిత్స పెట్టెతో పాటు సీటు స్పాంజికీ కర్టెనుకూ నేల షీటుకూ మూడు గళ్లు చేర్చడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు. జిల్లా రవాణా అధికారి తలచుకుంటే వచ్చే జూన్ నాటికే చేయవచ్చు. ఆ లోపల తల్లిదండ్రులు స్కూలు వాళ్లను ఒక ప్రశ్న అడగవచ్చు: మా పిల్లలు కూర్చునే సీట్లు ఎప్పుడు కుట్టించారు, ఏ సరుకుతో కుట్టించారు, ఆ బిల్లు చూపిస్తారా?